తొమ్మిది స్టూళ్ల అతుకులు

చెక్కకు చెక్క అతకడం మూడేళ్లు చేస్తేగాని రాదంటారు. నేను తొమ్మిదో తరగతి పిల్లలు తొమ్మిది మందికి మూడు నెలల్లో నేర్పాను. అదీ వారానికి రెండు గంటలే. సికింద్రాబాద్‌లో ఇంకెవరైనా ఇలా నేర్పారేమో కనుక్కుని రండి, నేను ఇంట్లోనే ఉంటాను.

రైల్వేలో వడ్రంగం చేసి రిటైరై, మెట్టుగూడలో ఖాళీగా కూర్చున్నప్పుడు దగ్గర్లోని హైస్కూలు వాళ్లు పిలిచారు. పాఠం చెప్పడం నాకు అదే మొదలు. సైకిళ్ల షెడ్డులో సగం ఇచ్చారు. టర్మ్ చివర పిల్లలు తలా ఒక స్టూలు సొంతంగా చేసి చూపించాలనీ, లేకపోతే క్లాసు ఎత్తేస్తామనీ హెడ్మాస్టరమ్మ మొదటిరోజే చెప్పేసింది.

తొమ్మిది మందికీ నేర్పానన్నాను కదా, అది కాస్త సాగదీసిన మాట. ఒక్కరికీ రాలేదు. స్టూలు కాలి కొన సన్నగా కోస్తే పైచెక్క బెజ్జంలో లొడలొడలాడేది. లావుగా ఉంచి సుత్తితో కొడితే పైచెక్క పగిలేది. నేను పని నేర్చుకున్న చోట చెడిన అతుకు బల్ల దాటడానికి వీల్లేదు. ఉస్తాద్ మన చేతిలోంచి లాక్కుని తనే సరిచేసేవాడు. నేనూ అదే చేశాను. చివరి వారం రోజూ పిల్లలు ఇళ్లకు వెళ్లాక కూర్చుని, ముప్పై ఆరు కాళ్లూ కొత్తగా చెక్కి బిగించాను. వాళ్లు కోసినవి చెత్తబుట్టలో వేశాను.

చూపించే రోజు హెడ్మాస్టరమ్మ ఒక స్టూలు తిరగేసి, అతుకు మీద వేలితో రాసి చూసింది.

"ఇది పిల్లలు చేసిందేనా, మాస్టరుగారూ?"

"కాదండీ, అన్నీ నేనే చేశాను" అని తలెత్తి చెప్పాను. వెళ్లి చెత్తబుట్ట తెచ్చి ఆమె ముందు పెట్టాను.

ఆమె అందులోంచి ఒక కాలు తీసి, దాన్ని కోసిన అమ్మాయిని పిలిచి, ఎక్కడ చెడిందని అడిగింది.

"గీత లోపలికి కోసిన మేడం. జెర బయటికెల్లి కొయ్యాలె. గందుకే లూజయింది."

తక్కినవాళ్లనూ అలాగే అడిగింది. తమ తప్పేమిటో ఆరుగురు చెప్పగలిగారు.

"సరే, ఇంకో టర్మ్ ఉంచుదాం. ఈసారి మాత్రం మీ చేతులు జేబుల్లో పెట్టుకోండి, మాస్టరుగారూ" అంది.

ఇదంతా రాసి ఆ అమ్మాయికే చూపించాను. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. సెలవులిస్తే వచ్చి షెడ్డులో చిత్రిక పడుతూ ఉంటుంది. నిలబడే చదివి కాగితాలు నా చేతిలో పెట్టింది.

"ఏంది సార్, గిట్ల రాసిండ్రు? మీరెప్పుడు చెప్పిండ్రు? మేడం అడిగితే 'పిల్లలే చేశారండీ' అన్నరు. నేను ఉరికి బుట్ట తెచ్చిన. మీరు గోడ దిక్కు తిరిగి ఉలి తుడుసుకుంట నిలబడ్డరు."