అర్ర సంగతి అడగడానికి వచ్చినవాళ్లు

నార్సింగిలో మా తాత కట్టించిన ఇంటి మీద నేనొక నవల రాశాను. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఆ జాగలో అపార్ట్‌మెంట్లు లేచాయి. నవలంతా నిజాం పాలన చివరి రోజుల కథ. వెట్టికి రానన్న మనిషిని ఇంటి యజమాని ధాన్యం పోసే అర్రలోకి తోయించి, బయట గొళ్లెం పెట్టిస్తాడు. ఆ ఒక్క ముక్క నాయనమ్మ నోట విన్నది. లోపల ఆ మనిషి ఏడ్చాడని, వదిలిపెట్టమని బతిమాలాడని నేను కల్పించి రాశాను.

తెల్లాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీ పాఠకులు ఆదివారం పొద్దున క్లబ్‌హౌస్‌కు రమ్మన్నారు. సంతోషంగా ఒప్పుకున్నాను. ఆ వారంలోనే చిన్నాయన ఫోన్ చేశాడు. రాయదుర్గం ఆఫీసులో మీటింగు మధ్యలోంచి లేచి బయటికి వచ్చి ఎత్తాను.

"సచ్చిపోయిన మా నాయినను బజార్ల నిలబెడతవా బిడ్డా? ఆదివారం నేను గూడ వస్తున్న. అందరి ముందటనే అడుగుత."

నేను ఏదో అనేలోపే పెట్టేశాడు. మర్నాడు తెలియని నంబరు నుంచి మెసేజి వచ్చింది. "మీ నవలలో అర్రలో పెట్టింది మా తాతను. ఆదివారం వస్తాను. మీతో మాట్లాడాలి." పేరు లేదు.

ఇక ఆ వారమంతా ఫోన్ మోగితే, నంబరు చూసి గానీ ఎత్తేదాన్ని కాదు. లిఫ్టులో పక్కన నిలబడ్డ కొత్త మొహం కూడా నా కోసమే వచ్చిందేమో అనిపించేది. జ్వరమని చెప్పి మానేద్దామనుకున్నాను. మానేస్తే ఇంటికే వస్తారేమోనని ఇంకా భయమేసింది.

ఆదివారం వెళ్లేసరికి చిన్నాయన ముందు వరుసలో కూర్చుని ఉన్నాడు. ఎనభై అయిదు దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కాలో, నా వైపు చూడకుండా. ఆ మెసేజి పెట్టినవాళ్లెవరో తెలియక ఒక్కో మొహం వెతుకుతూ ఉండిపోయాను.

విజయవాడ నుంచి వచ్చి స్థిరపడ్డ ఒకావిడ, "ఆ ఇంట్లో తిరిగినట్టే ఉందండి, వంటింటి పొగ కూడా తగిలిందండి" అన్నారు. ఒక కుర్రాడు సగం పుస్తకం తలుపులూ కిటికీలేనని విసుక్కున్నాడు. ఇంకొకాయన, "పాత గాయాలు ఇప్పుడెందుకు కెలకాలి?" అన్నాడు. మెప్పూ తిట్టూ ఏదీ నా చెవికెక్కలేదు.

అప్పుడు వెనక వరుసలో ఒకామె లేచింది. యాభై ఏళ్లుంటాయి, మెడలో చిన్న సిలువ. దవాఖానలో నర్సునని చెప్పుకుంది.

"మెసేజి పెట్టింది నేనే మేడం. అర్రలో మా తాత ఏడ్చిండని రాసిన్రు. ఎవరు చెప్పిన్రు మీకు?"

"ఎవరూ చెప్పలేదు. అట్లా ఉంటుందనుకున్నాను."

"మీరట్లనే అనుకుంటరు" అంది. గొంతు పెంచలేదు.

చిన్నాయన కర్ర ఊతగా లేచాడు. "అంత అబద్ధం! మా ఇంట్ల గసొంటి అర్రనే లేదు" అని గదిమాడు. ఆమె వైపు తిరిగి, అదే కోపంలో, "అయినా ఆయన ఏడ్వలే. మా నాయినను తిట్టిండు. దర్వాజ అవతల నిలబడి నేను విన్న" అన్నాడు.

తన నోట ఏమొచ్చిందో ఆయనకు అప్పుడు తెలిసింది. నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండిపోయాడు.

"ఏమని తిట్టిండు సార్?" ఆమె అడిగింది.

ఆయన కర్ర టకటకలాడిస్తూ బయటికి వెళ్లిపోయాడు. వెనకే పరిగెత్తాను గానీ, కారు తలుపు వేసుకుని అద్దం దించలేదు.

నాలుగు రోజులకు ఆమె ఫోన్ చేసి చిన్నాయన నంబరు అడిగింది. ఆయనకేమన్నా అయితే అందరూ నన్నే అంటారని భయపడుతూనే ఆయనకు ఫోన్ చేసి, ఆమెకు నంబరు ఇవ్వమంటారా అన్నాను. "ఇయ్యి" అన్నాడు.

వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారట. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ నాకు చెప్పలేదు. ఆ ఒక్క మాట తప్ప చిన్నాయన ఇప్పటికీ నాతో మాట్లాడడు. రెండో ముద్రణకు ఆ ఏడుపు వాక్యాలు తీసేశాను. వాటి చోట ఏమీ రాయడానికి ధైర్యం చాలలేదు.