అడ్డంగా వచ్చిన నరం

ఒకటో తరగతిలో హాజరు పిలుస్తుంటే ఇప్పటికీ ఆ సర్జన్‌గారు గుర్తొస్తారు. మనసులోనే దండం పెట్టుకుంటాను.

హిందీ మాట్లాడే ప్రాంతంలో, మందిర్ హసౌద్ అనే ఊరి దగ్గర బడిలో టీచర్ని. నలభై మంది పిల్లల్ని అదుపులో పెట్టడానికి నాకున్నదల్లా గొంతే. ఆ గొంతుకి కుడిపక్క నిమ్మకాయంత గడ్డ లేచింది. థైరాయిడ్‌లో సగం తీసేయాలన్నారు. మాటని నడిపే నరం దాని వెనకే ఉంటుందని, దానికి దెబ్బ తగిలితే గొంతు బొంగురుపోతుందని కూడా చెప్పారు. అది విన్న దగ్గర్నుంచి ఇంట్లో అందరి మీదా విసుక్కుంటూనే ఉన్నాను.

మా ఆయన గూడ్సు బండి గార్డు. ఆపరేషన్ గంటన్నర అన్నది మూడు గంటలు దాటేసరికి, మొబైల్లో టైము చూపిస్తూ నర్సుల మీద విరుచుకుపడ్డారట. "కాగజ్ దీజియే, శికాయత్ లిఖూఁగా" అని కాగితం అడిగి తీసుకుని, ఫిర్యాదు నిజంగానే రాసి జేబులో పెట్టుకున్నారట.

నాకు మత్తు వదిలినా నోరు తెరిచే ధైర్యం లేకపోయింది. ఎవరేం అడిగినా తలే ఊపాను.

మర్నాడు పొద్దున్నే సర్జన్‌గారు వచ్చి, ఆలస్యం ఎందుకైందో హిందీలో చెప్పారు. కుడిపక్క ఆ నరం మామూలుగా ఛాతీ దాకా దిగి, చేతికి వెళ్ళే పెద్ద ధమనిని చుట్టి, మళ్ళీ గొంతులోకి ఎక్కుతుందట. నాలో ఉండాల్సిన చోట అది లేదు. నా ధమనే పుట్టుకతో వేరే దారి పట్టి ఉండాలి, స్కాన్ తీసి చూద్దామన్నారు. చుట్టడానికేమీ లేక నరం మెడ పక్కనుంచి అడ్డంగా వచ్చేసిందట. చూపుకి సన్నటి రక్తనాళంలా ఉందట. అలా అనుకుని ముడేసి కోసేస్తే నా మాట పోయేదే.

"నరం కనబడేదాకా నేనేదీ కొయ్యను. అందుకే ఆగి వెతికాను" అన్నారు.

మా ఆయన తల దించుకున్నారు. సిగ్నల్ పడక పొలాల మధ్య బండితో పాటు గంటలకొద్దీ ఆగిపోయి, చల్లారిన అన్నం ముందు కూర్చుని "ఆగబట్టే ఇంటికొచ్చాను" అని నాకు సర్దిచెప్పే మనిషి ఆయన. జేబులోంచి ఫిర్యాదు కాగితం అంచు కనబడుతోంది.

"ఇప్పుడేదైనా మాట్లాడండి" అన్నారు సర్జన్‌గారు నాతో.

ఏమనాలో తోచక ఆ జేబు వైపే చూశాను.

"ఆ కాగితం చింపేయండి."

కాస్త నీరసంగా ఉన్నా అది నా గొంతే.

మా ఆయన మంచం దగ్గరకి జరిగారు. "ఏటన్నావు? మరోపాలి అను."

మళ్ళీ అన్నాను. నా మాట ఏనాడూ ఒక పట్టాన వినని మనిషి, కళ్ళు తుడుచుకుంటూ, కాగితాన్ని ముక్కలు ముక్కలుగా చింపారు.