ఆమెను తీసుకెళ్ళింది ఆ గడ్డ కాదు

పోయిన సోమవారం ఉదయం మా ఆవిడ గుండెపోటుతో చనిపోయింది. క్లోమంలో ఉన్న కొవ్వు గడ్డ వల్ల కాదు. ఈ రెండో వాక్యం కోసమే ఇది రాస్తున్నాను.

మూడేళ్ళ క్రితం ఆమెకు నడుములో విపరీతమైన నొప్పి వస్తే కాకినాడ తీసుకెళ్ళాను. కిడ్నీలో రాయేమోనని సీటీ స్కాన్ తీశారు. రాయి ఉంది. దాంతోపాటు, ఎవరూ వెతకని చోట, క్లోమంలో చిన్న గడ్డ కూడా కనబడింది.

"ఇది ఒట్టి కొవ్వేనమ్మా, క్యాన్సర్ కాదు," అన్నారు డాక్టరుగారు. "రాయి కోసం చూడకపోతే దీని సంగతి తెలిసేదే కాదు. ఏడాది పోయాక ఒకసారి చూద్దాం. అందాకా దాని మానాన దాన్ని వదిలేయండి."

"ఎప్పట్నించి ఉందంటారండీ?"

"ఏళ్ళ తరబడి ఉండి ఉండొచ్చు."

"ఇన్నేళ్ళూ నోరెత్తకుండా కూచుందా? అచ్చం మా వారేనండీ!"

రాయి పడిపోయింది. మేం మా ఊరు అల్లవరం చేరేసరికి గడ్డ కబురు మాకంటే ముందే చేరింది. హార్లిక్స్ సీసాలు, యాపిల్ పళ్ళు పట్టుకుని జనం పలకరింపులకు వచ్చారు. మా అక్క గుమ్మంలోనే శోకం మొదలెట్టింది.

"వదినగారూ, ఏడుద్దురుగానీ ముందు కాఫీ తాగండి. చల్లారిపోతోంది," అంది మా ఆవిడ.

మర్నాడు రిపోర్టుకి లామినేషన్ చేయించి, వీధి గది గోడకి తగిలించింది. వచ్చినవాళ్ళు అది చదివాకే కూర్చోవాలి. ఇంగ్లీషు రానివాళ్ళకి నేను చదివి చెప్పాలి. ఇది చదివే మీలో కొందరు ఆ గోడ ముందు నిలబడినవాళ్ళే.

అంతమందికి చదివి చెప్పిన నేనే తప్పు చేశాను. కొవ్వు గడ్డ కదా, కొవ్వు మానిపిస్తే కరుగుతుందనుకున్నాను. తోటలోంచి కొబ్బరికాయలు ఇంటికి తేవడం మానేశాను. నెయ్యి సీసా అటక మీద దాచాను. డిగ్రీ చదివినవాణ్ణి.

నెల తిరక్కుండా పట్టేసింది. "కోనసీమలో కొబ్బరికి కరువొచ్చిందేంటండీ?"

నా చూపు అటక మీదికి పోయింది.

"తిండికీ దానికీ సంబంధం లేదని డాక్టరుగారు చెప్పినప్పుడు మీరు నా పక్కనే ఉన్నారు. జబ్బు నాక్కాదండీ, మీకు. భయం."

ఆ మధ్యాహ్నం కొబ్బరి పచ్చడిలో నెయ్యి వేసుకుని నా ఎదురుగా కూర్చుని తింది. నాకూ వడ్డించింది. ఒకళ్ళ భయానికి ఇంకొకళ్ళు పథ్యం చెయ్యకూడదని తరచూ అనేది.

ఏడాది తర్వాత తీసిన స్కాన్‌లో గడ్డ అలాగే ఉంది. "చెప్పేనా?" అంది, అంతే.

ఆ తర్వాత ఊళ్ళో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా వెళ్ళేది. పళ్ళు పట్టుకెళ్ళేది కాదు. జబ్బు సంగతి ఎత్తేది కాదు. ఆ ఇంట్లో కూర తరిగిపెట్టి, నాలుగు నవ్వే కబుర్లు చెప్పి వచ్చేసేది. పలకరింపంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

పెద్దకర్మ కార్డు మా మేనల్లుడు రాసుకొచ్చాడు. "దీర్ఘకాలం వ్యాధితో పోరాడి స్వర్గస్థులైనారు" అని ఉంది.

"ఇది తప్పు," అన్నాను.

"అందరూ ఆ గడ్డే మింగిందంటున్నార్రా," అంది అక్క. "ఇప్పుడు కాదంటే ఎవరు నమ్ముతారు?"

"కాదక్కా. గుండె."

"చదువుకున్నోడివి, ఈ పంతం దేనికిరా?"

అక్క మాటకి నేను ఎన్నడూ ఎదురు చెప్పలేదు. ఆ రోజు ఆమె చేతిలోంచి కాగితం లాక్కుని అమలాపురం ప్రెస్సుకి వెళ్ళాను. ఆ వాక్యం మొత్తం కొట్టేయించాను. మా ఆవిడ వ్యాధితో పోరాడలేదు. పోరాడింది మాతో.

"మరేం వెయ్యమంటారండీ?" అన్నాడు కంప్యూటరు దగ్గరున్నాయన.

"ఆదివారం సాయంత్రం భర్తను స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని ఓడలరేవు బీచికి వెళ్ళివచ్చింది. సోమవారం ఉదయం గుండె ఆగింది. అలా వెయ్యండి."

"కర్మ కార్డులో అలా వెయ్యరండీ."

"మేం వేస్తాం."

ఆయన కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. "ఆయ్, అలాగేనండీ," అన్నాడు. టైపు చేసి, ఒక ప్రతి తీసి, తప్పులేమన్నా ఉంటే చూడమని నా చేతిలో పెట్టాడు.

కాగితం ఇంకా వెచ్చగా ఉంది.