ఫ్రిజ్‌లో మిగిలిన చేప

మా ఆడపడుచుకి ఏడుపు రాదు. మామయ్య పోయిన రోజు కూడా గుమ్మంలో వచ్చినవాళ్ల చెప్పులు సర్దుతూ నిలబడింది. కన్నతండ్రి కదా, ఇదేం మనిషి అని నాకు ఒళ్లు మండిపోయింది.

చేప వండింది నేను. మధ్యాహ్నం తిన్నాం, సాయంత్రానికల్లా అందరికీ పెదవులు తిమ్మిరెక్కాయి. చల్లటి నీళ్లు తాగితే నోరు కాలినట్టయింది. మేం కోలుకున్నాం, మామయ్య కోలుకోలేదు. పాచిపోయిన చేపని సరిగ్గా ఉడికించకుండా పెట్టానని అత్తయ్య పరామర్శకి వచ్చినవాళ్లందరికీ చెప్పింది. మా ఆయన బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు.

ఆడపడుచు మాత్రం ఫ్రిజ్‌లో మిగిలిన సగం తలనీ, నాలుగు ముక్కల్నీ వేరువేరు డబ్బాల్లో పెట్టి తన ల్యాబ్‌కి పట్టుకెళ్లింది. అక్కడ ఆమె పని మాస్ స్పెక్ట్రోమీటర్ మీద. చేపని మెత్తగా రుబ్బి, రసం తీసి, వడగట్టి ఎక్కిస్తే, అందులో ఏ విషం ఉందో ఆ యంత్రం అణువుల బరువుని బట్టి పట్టేస్తుందట. సీసాలకి పేర్లుండవు, నంబర్లే. తండ్రిని చంపిన చేపకీ ఒక నంబరు అంటించి, వరసలో పెట్టి, క్యారేజీ విప్పుకుని భోజనం చేసిందట. తనే చెప్పింది, ఎవరి సంగతో చెప్పినట్టు.

ఫలితం వచ్చిన సాయంత్రం నన్ను మెట్ల మీదే ఆపింది.

"వదినా, నీ వంట తప్పేం లేదు. అది సముద్రంలోనే చేపకి ఎక్కిన విషం. ఎంత ఉడికించినా పోదు. ముక్కల్లో కొంచెమే ఉంది. తలలో చాలా ఉంది."

ఆ తలలో మిగతా సగం మామయ్య కంచంలో వేసింది అత్తయ్యే. ఇక చూస్కో, అనుకున్నాను. ఇన్నాళ్ల కసి గొంతు దాకా వచ్చింది.

లోపలికెళ్లి, తప్పు వంటది కాదు, చేపదే అని ఆడపడుచు తల్లికి చెప్పింది. అత్తయ్య నా వైపు తిరిగింది. నిన్ను అనరాని మాటలన్నానే అంది నాతో. ఎదురుచూసిన మాటే, కానీ నాకేమీ అనిపించలేదు. మరి మనమంతా బతికాం కదా, ఆయనొక్కరే ఎందుకు పోయారని కూతుర్ని అడిగింది.

ఫలితంలో ఒక్క అంకె మార్చమంటే పై అధికారితోనైనా పోట్లాడే మనిషి మా ఆడపడుచు.

"నాన్న గుండె బలహీనం కదమ్మా" అంది.

అత్తయ్య తలూపింది. "పోనీలే. ఆ పూట తలకాయ ఎవరికీ పెట్టకుండా ఆయనకే వేశాను. ఇష్టంగా తిన్నారు. అదొక్కటే నాకు తృప్తి."

ఆడపడుచు నా వైపు చూసింది.

"అవునత్తయ్యా, ముల్లు కూడా వదల్లేదు" అన్నాను.