ఎండాకాలపు గొంగళి

మొన్న పక్కింటివాళ్లు పాత గొంగళి ఒకటి ఉతికి ఎండలో ఆరేశారు. ఆ తడి ఉన్ని వాసన తగలగానే, రోహిణి కార్తెలో మాచర్ల ఎండలు నిప్పులు చెరుగుతుంటే గొంగళి కప్పుకొని కూర్చున్న సువార్తమ్మ పెద్దమ్మ నా కళ్లముందు నిలిచింది.

సాగర్ కాలువలు తవ్వుతున్న రోజులవి. నేను అప్పుడే మిషను బడిలో టీచరుగా చేరాను. పెద్దమ్మ మా సంఘంలో బైబిలు స్త్రీ. పల్లెలు తిరిగి ఇళ్లలో ప్రార్థనలు చేసేది. చూపు తగ్గాక పుస్తకం ఇంట్లోనే ఉండేది, వాక్యం మాత్రం ఆమె నోట్లో ఉండేది. ఏడ్చేవాళ్లకు ఏది చెప్పాలో, భయపడేవాళ్లకు ఏది చెప్పాలో ఆమె వెతుక్కునేది కాదు. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఎలా కూర్చోవాలో, ఎప్పుడు మాట్లాడాలో సెలవుల్లో ఆమె వెంట నడిచే నేర్చుకున్నాను.

ఒక వేసవిలో దుర్గి దగ్గర పల్లెలో, ఇంటి అరుగు మీద, బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎదుట కూర్చొని పెద్దమ్మ నోరు తెరిచింది. ఏమీ రాలేదు. ఆ తల్లి చేయి పట్టుకొని చాలాసేపు అలాగే ఉండి లేచి వచ్చేసింది. దారిలో, "దేవుడు నా నోట్లోంచి వాక్యం తీసేసుకున్నాడమ్మాయ్" అంది.

ఆ తర్వాత పాటల్లో చరణాలు పోయాయి. మా పేర్లు తడబడ్డాయి. రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్లకు వచ్చే ముందు ఒక్కొక్కరూ ఒక కంఠత వాక్యం చెప్పడం మా సంఘం ఆనవాయితీ. ఆమె బల్లకు రావడమే మానేసింది. దాచిన పాపమేదో ఉంది, ఒప్పుకోమని సంఘపెద్ద మందలించాడు. లేని పాపాన్ని వెతుక్కుంటూ ఆమె ఉపవాసాలు చేసింది. తిండి మానినా ముఖం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది.

నేనే బలవంతాన మిషను ఆసుపత్రికి తీసుకువెళ్లాను. డాక్టరమ్మ నాడి కన్నా ముందు గొంగళిని చూసింది. ఈ ఎండలో చలేమిటని అడిగి మెడ తడిమింది. గొంతు దగ్గర థైరాయిడ్ అనే చిన్న గ్రంథి ఉంటుందనీ, అది రక్తంలోకి పంపే హార్మోను తగ్గితే ఒళ్లు చల్లబడినట్టే మెదడూ మందగిస్తుందనీ, తెలిసిన మాటే అందకుండా పోతుందనీ చెప్పి మాత్రలు ఇచ్చింది. పెద్దమ్మ చేయి చాపలేదు.

"మాత్రేసుకుంటే వచ్చేదైతే, అది దేవుడిచ్చిన వాక్యం ఎట్టయిద్దమ్మా?"

డాక్టరమ్మ నవ్వలేదు. "ఆ గ్రంథిని నేను పెట్టలేదు పెద్దమ్మా. పెట్టినాయన్ని అడిగే వేసుకో."

ఆసుపత్రి వరండాలో మోకరించి చాలాసేపు అడిగింది. లేచి మాత్ర వేసుకుంది.

వారాలు గడిచాయి. మొదట ఆమె భుజాల మీదినుంచి గొంగళి దిగింది. ఒక ఉదయం నేను వెళ్లేసరికి రోట్లో పచ్చడి నూరుతూ ఏదో గొణుగుతోంది. ఒక వాక్యం, దాని వెనుక మరొకటి, ఆగకుండా వస్తున్నాయి. గడపలోనే నిలబడిపోయాను. ఆవగింజంత మాత్రకు లోపలి లోకమంతా మేలుకోవడం నా కళ్లతో చూశాను. నన్ను చూసి పెద్దమ్మ పచ్చడిబండ ఆపింది.

"యాడికీ పోలేదే. వానకు తలుపు బిగుసుకుంటే ఇంట్లో ఎవురూ లేరనుకున్నా."

బల్ల ఆదివారం దాకా ఆగకుండా, ఆ రోజే దుర్గి దారి పట్టింది. ఆ తల్లి ఇంకా ఆ అరుగు మీదే కూర్చొని ఉంది. పెద్దమ్మ మళ్లీ ఆమె చేయి పట్టుకొని, అప్పుడు రాని వాక్యాన్ని మెల్లగా, పూర్తిగా చెప్పింది.

ఇప్పుడు ఆ ఇళ్లకు నేను వెళుతున్నాను. ఎవరైనా ప్రార్థనలో మందగించారనీ, విశ్వాసం చల్లారిపోయిందనీ సంఘంలో అనుకుంటుంటే విని ఊరుకుంటాను. తర్వాత వాళ్లింటికి వెళ్లి పక్కన కూర్చొని, చేయి పట్టుకొని మొదట ఒక్కటే అడుగుతాను.

"చలేస్తుందా అమ్మా?"