నాయనకు పోసిన గ్లాసు

రాయపురం చేపలరేవులో ఐసు కొట్టే నాగప్పన్ మంచివాడని పేటంతా ఒప్పుకుంటుంది. తాగేది అతను కాదట, అతని ఒంటి మీదికి వచ్చే చచ్చిపోయిన తండ్రి కుప్పుసామి అట. చుక్క పడగానే నాగప్పన్ గొంతు బొంగురుపోతుంది. తండ్రిలాగే దగ్గి, "పొయ్యండ్రా, గొంతెండతా ఉంది" అంటాడు. తెల్లారితే ఏమీ ఎరగనట్టు ముఖం పెడతాడు. ఎంత సుఖమైన ఏర్పాటో చూడండి.

భార్య కస్తూరి అది నమ్మింది కాబట్టే కాపురం నిలిచింది. తాగి కొట్టేది మొగుడైతే ఏనాడో వెళ్లిపోయేది, దయ్యమని ఓర్చుకుంది. మొన్న మాత్రం దెబ్బ కూతురు పరిమళ చెవి మీద పడింది. పిల్లకు ఆ చెవి ఇంకా సరిగా వినబడటం లేదు.

పోయినవాళ్లకు ఇష్టమైనవి వడ్డించి, తలుపు మూసి బయట కూర్చోవడం వాళ్ల ఇళ్లల్లో ఉన్నదే. అమావాస్య మధ్యాహ్నం కస్తూరి మామగారి పటం ముందు వేయించిన చేప, గ్లాసు నిండా బ్రాందీ పెట్టింది.

"గ్లాసు తగ్గితే మామే తాగినట్టు. తగ్గకుంటే ఇన్నాళ్లూ తాగింది నువ్వే. నేనూ బిడ్డా మా అమ్మ కాడికి పోతాము."

"కొడుకు ఆడుంటేనే నాయన వస్తాడు" అని నాగప్పన్ లోపలికి దూరి తలుపేసుకున్నాడు. కస్తూరి అడ్డుపడలేదు.

గదంతా సాంబ్రాణి పొగ. పటంలో ముఖం కనబడటం లేదు. రోజూ చెవిలో గొణిగే నాయన కోసం ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. ఒక్క గుక్క తాగితే చాలు, భార్యాబిడ్డలు దక్కుతారు, తప్పంతా చచ్చినవాడి మీదికి పోతుంది.

అప్పుడు గదిలో దగ్గు వినబడింది. "పొయ్యండ్రా, గొంతెండతా ఉంది."

నాగప్పన్ నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. కదులుతున్నవి తన పెదవులే. ఆపాలనుకున్నాడు, ఆగాయి. మళ్లీ అనాలనుకున్నాడు, అన్నాయి.

తలుపవతల కస్తూరి ఏడుస్తోంది. "తాగేసి పో మామా. నా మొగుడు మంచోడు."

ఆ మాట అతను భరించలేకపోయాడు. నిండు గ్లాసు పట్టుకుని తలుపు తీశాడు.

"ఈడ నాయన లేడు. ఎప్పుడూ లేడు. నేనే."

కస్తూరి తగ్గని గ్లాసు వైపు చూసింది.

"బిడ్డను కొట్టింది?"

"నేనే."

ఇన్నేళ్లు దయ్యం పక్కన పడుకున్న మనిషి, మొదటిసారి మొగుణ్ణి చూసి భయపడి, పిల్లను తన వెనక్కి లాక్కుంది.