నేను సన్నబడిన చలికాలం

ఆ రోజుల్లో సన్నబడటాన్ని మించిన అదృష్టం ఆడపిల్లకు ఇంకోటి లేదని గట్టిగా నమ్మేదాన్ని. నా నమ్మకానికి కారణాలు లేకపోలేదు. చిన్నప్పుడు బంధువులు ముందు నా చెంపలు లాగి, తర్వాతే ఏం చదువుతున్నావని అడిగేవారు. పెద్దయ్యాక బట్టల షాపులో అడుగుపెడితే చాలు, సేల్స్ అబ్బాయి నన్ను ఎగాదిగా చూసి "మీ సైజు పై ఫ్లోర్‌లో మేడమ్" అనేవాడు. అలాంటి నేను, పీహెచ్‌డీలో చేరిన రెండో ఏడు చలికాలంలో, వ్యాయామం మాటే ఎత్తకుండా, పూటకు రెండు ప్లేట్ల అన్నం లాగిస్తూ ఇట్టే సన్నబడిపోయాను. (కుళ్లుకోకండి, ముందు మొత్తం వినండి.)

క్యాంపస్‌లో మా లేడీస్ హాస్టల్ గదిలో నాతోపాటు జనగామ దగ్గరి పల్లెటూరి అమ్మాయి ఉండేది. మెస్‌లో పప్పు పలచనైనా, బాత్రూముల్లో నీళ్లు రాకపోయినా ముందుగా గొంతెత్తేది తనే కాబట్టి అందరం తనని లీడర్ అనేవాళ్లం. జనవరి చలిలో నేను ఫ్యాన్ ఫుల్‌లో పెట్టుకుని "అబ్బా, ఉక్క" అంటుంటే, లీడర్ రెండు రగ్గుల్లోంచి ముక్కు మాత్రం బయటపెట్టి "ఏందే, నీ ఒంట్ల పొయ్యి గిట్ల పెట్టుకున్నవా? చలికి నా పండ్లు టకటక కొట్టుకుంటున్నయ్" అనేది. అంతమందితో పోట్లాడే మనిషి, నా ఫ్యాన్ మాత్రం ఒక్కసారీ ఆపలేదు. ఆ సంగతి ఎంత గొప్పదో అప్పట్లో నాకు తెలియలేదు.

సన్నబడ్డాక హాస్టల్లో నా హోదా మారిపోయింది. రెండు ప్లేట్లు తిని కూడా ఇలా అయిందంటే తిండిలోనే ఏదో రహస్యం ఉందని మా అమ్మాయిలు తీర్మానించారు. మెస్ క్యూలో నా వెనకే నిలబడి, నేను ఉప్మా రెండుసార్లు వేయించుకుంటే వాళ్లూ రెండుసార్లు, నేను రాత్రి అన్నం మీద అరటిపండు తింటే వాళ్లూ అరటిపండు. నేను అడ్డుపడలేదు సరికదా, పెద్దదానిలా తలూపుతూ "పెరుగు మాత్రం మానకండి" అని సలహా కూడా ఇచ్చాను. ఫలితం ముందుగా తార్నాకలో మా అందరి టైలర్‌కు తెలిసింది. నా కుర్తీలకు కుట్లు లోపలికి వేస్తూ, అదే చేత్తో నా శిష్యురాళ్ల కుర్తీలకు కుట్లు విప్పుతూ, ఆయన ఆ సీజన్ అంతా సుఖంగా గడిపాడు.

ఇంతలో మహిళా దినోత్సవం వచ్చింది. హాస్టల్ సభలో "అందం, ఆరోగ్యం" అన్న విషయం మీద నన్నే మాట్లాడమన్నారు. ముఖ్య అతిథిగా దగ్గర్లోని క్లినిక్ నుంచి ఒక డాక్టరమ్మను పిలిచారు. ఆవిడ ముందు వరుసలో కూర్చుని ఉండగా నేను మైకు పట్టుకుని నా ఘనతలన్నీ చెప్పుకొచ్చాను. ఎంత తిన్నా ఒంటికి పట్టదన్నాను. చలి నన్నేం చేయదన్నాను. నిద్ర పెద్దగా అక్కర్లేదన్నాను. "ఊరికే కూర్చున్నా నా గుండె పరుగెత్తుతున్నట్టే కొట్టుకుంటుంది. అంటే కూర్చునే ఎక్సర్‌సైజ్ చేస్తున్నట్టే కదా!" అన్నాను. హాలంతా చప్పట్లు. డాక్టరమ్మ మాత్రం కొట్టలేదు. లేచి మెల్లగా స్టేజీ ఎక్కింది.

"చేతులు రెండూ ముందుకు చాపు బేటా" అని, ఆ రోజు కార్యక్రమాల కాగితం ఒకటి తీసి నా వేళ్ల మీద పరిచింది. గాలి లేని హాల్లో ఆ కాగితం రెపరెపలాడింది. అదేదో ఇంద్రజాలం అనుకుని మా వాళ్లు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆవిడ ఒక గ్లాసు నీళ్లిచ్చి "మింగు" అంది. నేను మింగుతుంటే నా గొంతు వైపే చూసింది. తర్వాత మణికట్టు పట్టుకుని, మైకుకు దూరంగా జరిగి, "రేపు పొద్దున క్లినిక్‌కు రా. ఒక్కదానివే రాకు" అంది. హాల్లో ఒక్క లీడరే చప్పట్లు ఆపి లేచి నిలబడింది.

పరీక్షల్లో తేలింది. గొంతులో ఉండే థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తోందట. నేను సన్నబడటం, ఆ ఉక్క, ఆ గుండె పరుగు అన్నీ దాని పనేనట. (నాలో ఏదైనా అతిగా పనిచేస్తోందంటే మా గైడ్ సార్ నమ్మలేదు.) తార్నాకలో ఉండే మా పిన్ని కబురు వినగానే ఆటోలో వచ్చేసింది. "థైరాయిడేనా! నాకూ ఉందిగా. ఇంతోటిదానికి ఏడుపెందుకే? రోజూ పరగడుపున నా మాత్రే ఒకటి వేసుకో" అంటూ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సీసా తీసింది. నేను చెయ్యి చాపాను కూడా. క్లినిక్‌లో నా పక్కనే ఉండి అన్నీ విన్న లీడర్ ఆ సీసా గబుక్కున లాక్కుంది. "పిన్నీ, ఆగుండ్రి! మీ బండి నడుస్తలేదని ఉరికిచ్చేటందుకు ఇచ్చిన్రు ఆ గోళీ. దీని బండికి బ్రేకులే లేవు. ఇది గూడ మింగితే యాడికి పోతదో!" పిన్ని బిత్తరపోయి, తర్వాత నన్ను పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే తెచ్చిన పులిహోర వడ్డించింది.

నాకు అసలు దుఃఖం వేరే ఉంది. ఈ మందులతో గుండె నెమ్మదిస్తుంది, దాంతోపాటు పోయిన బరువు తిరిగొస్తుందని డాక్టరమ్మ చెప్పింది. జన్మలో మొదటిసారి నాకు కింది ఫ్లోర్‌లో బట్టలు దొరుకుతున్నాయి. "కొంచెం తక్కువ డోసు..." అని బేరం పెట్టబోయాను. "గుండె ఇట్లనే ఉరుకుతుంటే ఎన్నాళ్లు తట్టుకుంటది బేటా?" అందావిడ. ఆ సాయంత్రం లైబ్రరీ మెట్ల మీద మాత్ర చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. భయం, సిగ్గు, ఉక్రోషం అన్నీ ఒక్కసారే ముంచుకొచ్చాయి. పక్కన కూర్చున్న లీడర్ ఈసారి తిట్టలేదు, అదే వింత. చివరికి "అందరికీ నువ్వు సన్నగ కావాలేమో. నాకైతే నువ్వు ఉండాలె. గంతే" అంది. నీళ్ల బాటిల్ మూత తీసి నా చేతికిచ్చింది. మాత్ర నోట్లో వేసుకున్నాను.

బరువు చెప్పిన మాట తప్పకుండా తిరిగొచ్చింది. నా శిష్యురాళ్లు ఒక్కొక్కరే ఉప్మా తగ్గించారు. లీడర్ నెలనెలా నన్ను రక్తపరీక్షకు తీసుకెళ్లేది, పిన్ని ప్రతి ఆదివారం క్యారేజీతో దిగేది. కొన్నాళ్లకు డాక్టరమ్మ మందులు ఆపి, ఏడాదికోసారి పరీక్ష చేయించుకుంటే చాలంది.

ఇప్పుడు నేను ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను. బంధువులు "అప్పట్లో ఎంత నాజూగ్గా ఉండేదానివే" అని నిట్టూరుస్తారు. నేను నవ్వేస్తాను. ఒక్కోసారి స్టాఫ్ రూమ్‌లో కూర్చుని, ఎవరూ చూడకుండా మణికట్టు మీద వేలు పెట్టుకుంటాను. లోపల తొందరేమీ ఉండదు. అప్పుడు మైకు పట్టుకుని నిలబడ్డ ఆ పిల్ల గుర్తొచ్చి ముందు నవ్వొస్తుంది, తర్వాత ముద్దొస్తుంది. జీవితమంతా కోరుకున్న ఒళ్లు దొరికీ దొరకగానే, ఒక స్నేహితురాలి మాట మీద దాన్ని వదులుకుంది. బతకడానికి నాకు ఈ లావుపాటి, నిమ్మళమైన ఒంటిని ఇచ్చింది. పాపం, మాత్ర మింగిన ఆ రోజు ఆ పిల్లకెవరూ చప్పట్లు కొట్టలేదు.